నడక తగ్గినా రాకపోకలు ఆగకూడదు: కండరాల క్షీణత ఉన్నవారికి, వారి ఇంటివారికి, మన సంఘాలకు

మా సంఘం ఆదివారం తెలుగు తరగతి రెండేళ్ళపాటు మూతపడింది. పిల్లలకు ఆసక్తి తగ్గిందని, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని వార్షిక నివేదికలో రాసుకున్నాం. అసలు కారణం మా హాలు ముందున్న మూడు మెట్లు.

మాది ఒడిశాలోని బరంపురం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడ తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అక్షరాలు నేర్పడానికి మాకున్నది ఆ ఒక్క తరగతే. దాన్ని నడిపిన మాస్టారు ఉన్నట్టుండి రావడం మానేశారు. చందా బాకీ ఉందని నోటీసు పంపాం, జవాబు లేకపోతే నియమావళి ప్రకారం సభ్యుల జాబితా నుంచి పేరు కొట్టేశాం. ఆ తరువాత ఎప్పుడో వారి ఇంటికి వెళితే, కుర్చీలోంచి లేవకుండానే అన్నారు: "మీ హాలు నాకు ఎత్తయిపోయింది బాబూ. పిల్లల ముందు పాకుతూ ఎక్కలేను కదా."

ఆయనకున్నది కండరాల క్షీణత, డాక్టర్లు మస్క్యులర్ డిస్ట్రోఫీ అంటారు. ఆ రోజు నుంచి మేము అడిగి, తిరిగి, దరఖాస్తులు రాసి తెలుసుకున్న విషయాలను కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, యానాంలలోని మనవారికి కూడా పనికొస్తాయని ఇక్కడ ఒకచోట పెడుతున్నాం. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ వంటి క్రమంగా పెరిగే ఇతర జబ్బులలో వైద్యం వేరు. కానీ ఇల్లు, కాగితాలు, భవనం గురించి ఇక్కడ చెప్పిన వాటిలో చాలా వరకు వారికీ వర్తిస్తాయి.

జబ్బు ఏమిటి

కండరాల క్షీణత ఒక్క జబ్బు కాదు, జన్యులోపాల వల్ల వచ్చే కొన్ని జబ్బుల కుటుంబం. కండరం పనిచేస్తూ దెబ్బతినకుండా ఉండటానికి కావలసిన ప్రోటీన్లలో ఏదో ఒకటి శరీరంలో సరిగా తయారుకాదు. కాలక్రమంలో కండరం బలహీనపడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. గ్రహదోషం కాదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు ఏదో తినడం వల్ల వచ్చింది కాదు.

ఎక్కువగా వినిపించే రకాలు రెండు. డ్యూషేన్ రకం మగపిల్లలకు వస్తుంది. మూడు నుంచి ఐదేళ్ళ వయసులో పిల్లవాడు తరచు పడిపోతాడు, మెట్లు ఎక్కలేడు, నేల మీది నుంచి లేచేటప్పుడు చేతులతో తొడలు పట్టుకుని తన ఒంటి మీదే ఎక్కుతున్నట్టు లేస్తాడు. పిక్కలు లావుగా కనబడతాయి కనుక బలంగా ఉన్నాడని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. చాలామంది పన్నెండేళ్ళు వచ్చేసరికి చక్రాల కుర్చీకి వస్తారు. రెండోది లింబ్ గర్డిల్ రకం. ఇది ఆడా మగా ఇద్దరికీ వస్తుంది. తుంటి, భుజాల చుట్టూ ఉన్న కండరాలతో మొదలవుతుంది. కొందరికి చిన్నతనంలో, కొందరికి నడివయసులో బయటపడుతుంది. మా మాస్టారిది ఇదే. నలభై దాటాక బస్సు మెట్టు ఎక్కడం కష్టమైంది. వయసు, కీళ్ళు అనుకుంటూ పదేళ్ళు గడిపేశారు.

అనుమానం వస్తే మొదట చేసేది సీపీకే అనే రక్తపరీక్ష. కండరం దెబ్బతింటే అది పెరుగుతుంది, డ్యూషేన్‌లో మరీ ఎక్కువగా పెరుగుతుంది. ఏ రకమో ఖాయంగా తేల్చేది జన్యుపరీక్ష. చూపించుకోవలసింది నరాల వైద్యుడికి, అంటే న్యూరాలజిస్టుకు. బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ, హైదరాబాదు నిమ్స్‌లకు మనవారు వెళుతుంటారు. మా వైపు వారికి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఊళ్ళోనే ఉంది, ఎయిమ్స్ భువనేశ్వర్‌లో ఉంది.

మేనరికాల మాట

ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. లింబ్ గర్డిల్ రకాలలో ఎక్కువ భాగం, తల్లి తండ్రి ఇద్దరి నుంచీ ఒకే లోపం అందితేనే బయటపడతాయి. ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఒకే వంశంలో ఒకే లోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ కనుక మేనమామను గాని మేనబావను గాని చేసుకున్నప్పుడు ఈ ముప్పు పెరుగుతుంది. ఊరు కాని ఊళ్ళో మన సంఖ్య తక్కువ, సంబంధాలు దొరకవని దగ్గరివాళ్ళలోనే ఇచ్చిపుచ్చుకోవడం మన సమాజాలలో ఇంకా ఉంది. ఇంట్లో ఇలాంటి జబ్బు ఒకరికి తేలితే, పెళ్ళి మాటలకు ముందు జన్యు సలహా తీసుకోండి.

డ్యూషేన్ సంగతి వేరు. ఆ లోపం తల్లి వైపు నుంచి రావచ్చు, కొందరిలో కొత్తగా పిల్లవాడిలోనే పుట్టవచ్చు. తల్లి ఆ లోపాన్ని మోస్తున్నదైతే ప్రతి మగబిడ్డకూ సగం అవకాశం. ఇందులో ఆమె తప్పేమీ లేదు. కోడలిని నిందించి పుట్టింటికి పంపిన సంగతులు మా చెవిన పడ్డాయి కాబట్టి ఇంత నొక్కి చెబుతున్నాం.

నయం కాదు అంటే చేసేది లేదని కాదు

ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు మామూలు ఆసుపత్రుల్లో దొరకదు. కానీ చేయవలసినవి చాలా ఉన్నాయి. డ్యూషేన్ పిల్లలకు డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు నడకను కొన్నేళ్ళు పొడిగిస్తాయి. వాటిని సొంతంగా మొదలుపెట్టకూడదు, హఠాత్తుగా మానకూడదు. అందరూ గుర్తుంచుకోవలసినవి ఇవి.

ఒకటి, గుండె. కొన్ని రకాలలో గుండె కండరమూ బలహీనపడుతుంది. డాక్టరు చెప్పిన గడువులో ఈసీజీ, ఎకో చేయించుకోవాలి.

రెండు, ఊపిరి. ఉదయం లేవగానే తలనొప్పి, పగలంతా మగత, వెల్లకిలా పడుకుంటే ఆయాసం ఉంటే రాత్రిపూట శ్వాస సరిపోవడం లేదేమో చూపించుకోవాలి. అవసరమైతే బైప్యాప్ యంత్రం ఇస్తారు. దగ్గే బలం తగ్గినవారికి మామూలు జలుబు కూడా న్యుమోనియా కావచ్చు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి.

మూడు, వ్యాయామం. బరువులు ఎత్తడం, ఒళ్ళు హూనం చేసుకోవడం వద్దు. కీళ్ళు బిగుసుకోకుండా రోజూ మెల్లగా సాగదీయాలి, ముఖ్యంగా మడమ వెనక నరం. చేసిన మర్నాడు నొప్పులు, నీరసం ఉంటే ఎక్కువ చేసినట్టు లెక్క.

నాలుగు, మత్తుమందు. చిన్న ఆపరేషన్ అయినా సరే, మత్తు ఇచ్చే డాక్టరుకు జబ్బు పేరు ముందే చెప్పాలి. కొన్ని మత్తుమందులు వీరికి ప్రాణాపాయం. జబ్బు పేరు రాసిన చీటీ ఒకటి పర్సులో ఎప్పుడూ ఉంచుకోండి.

ఐదు, మోసాలు. మూలకణ చికిత్స, అంటే స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు అడిగేవారున్నారు. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం కండరాల క్షీణతకు అది ఆమోదించిన వైద్యం కాదు, అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చేయకూడదు. పొలం అమ్మే ముందు ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో అడగండి.

ఇంట్లో ఒక మెట్టు ముందుండాలి

మాస్టారి అమ్మాయి మాతో చెప్పిన మాట: "మేం ప్రతిదీ నాన్నగారు పడ్డాకే చేశాం అంకుల్. బాత్రూంలో పడ్డాక కమ్మీ వేయించాం, గడప తగిలి పడ్డాక కర్ర కొన్నాం." క్రమంగా పెరిగే జబ్బులో ఇవాళ్టి అవసరానికి ఇల్లు సర్దితే ఏడాదికి అది చాలదు. రాబోయే దశకు ఇప్పుడే సర్దితే, ఈ లోగా పడే దెబ్బలు తప్పుతాయి. ఈ జబ్బులో కాలు విరిగి రెండు నెలలు మంచం పట్టినవారిలో కొందరు మళ్ళీ నడవలేకపోతారు.

మరుగుదొడ్డి: కింద కూర్చునేది తీసి కమోడ్ పెట్టించండి. సీటు ఎత్తు 18 నుంచి 19 అంగుళాలు ఉంటే లేవడం తేలిక. అద్దె ఇల్లయి మార్చడానికి వీల్లేకపోతే మధ్యలో కంత ఉన్న కుర్చీ దొరుకుతుంది, దాన్ని దొడ్డి మీద పెట్టుకోవచ్చు. పక్క గోడకు కమ్మీ బిగించాలి. టవలు వేసుకునే కడ్డీని పట్టుకుంటే ఊడి వస్తుంది.

తలుపు: మామూలు చక్రాల కుర్చీ వెడల్పు 25 నుంచి 27 అంగుళాలు. మన బాత్రూం తలుపులు చాలా ఇళ్ళలో 24 అంగుళాలే. కొత్తగా కట్టేవారు ప్రతి తలుపుకూ 36 అంగుళాల దారి వదలండి. పాత ఇంట్లో తలుపు ఊడదీసి కర్టెన్ వేస్తే రెండంగుళాలు కలిసివస్తాయి.

గడప: పసుపు రాసి బొట్లు పెట్టే గడపను తీసేయమని ఎవరికీ చెప్పలేం. దానికి రెండు వైపులా ఏటవాలుగా చెక్కిన కొయ్య ముక్కలు పెట్టండి. గడప ఉంటుంది, చక్రమూ దాటుతుంది. వడ్రంగికి ఒక పూట పని.

నేల: నున్నటి టైల్సు, తడి, జారే తివాచీ మంచివి కావు. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉంటే ఒకదాని మీది నుంచి మరొకదాని మీదకు జరగవచ్చు. స్విచ్చులు, మంచినీళ్ళు, సెల్ ఛార్జర్ కూర్చుని అందుకునే ఎత్తులో ఉంచండి. పీట మీద భోజనం మానిపించి బల్ల వేసేటప్పుడు ఇంటిల్లిపాదీ బల్ల దగ్గరే తినండి. ఆయన్ని ఒక్కరినే బల్లకు పంపితే అది మరో వెలి.

కర్ర, చక్రాల కుర్చీ వాడితే జబ్బు ముదురుతుందని మనలో నమ్మకం ఉంది. అది నిజం కాదు. ఇంట్లో నాలుగడుగులు నడవగలిగినవారు బజారుకు, పెళ్ళికి చక్రాల కుర్చీలో వెళితే ఉన్న బలం ఇంట్లో నడవడానికి మిగులుతుంది. కుర్చీ మాత్రం ఒంటి కొలతకు సరిపోవాలి. ఒడిశాలో కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద పునరావాస సంస్థ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని నీప్మెడ్, ముంబయి హాజీ అలీలోని కేంద్ర పునరావాస సంస్థ ఇలాంటి సాధనాలకు, శిక్షణకు పేరున్న ప్రభుత్వ సంస్థలు. తక్కువ ఆదాయం ఉన్నవారికి కేంద్రం ఆడిప్ పథకం కింద సాధనాలు ఇస్తుంది.

కాగితాలు: గుమాస్తా మాట

జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన వాళ్ళం, ఈ భాగం మాకు బాగా తెలిసినది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. కండరాల క్షీణత, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ మూడూ ఆ జాబితాలో పేర్లతో సహా ఉన్నాయి. రిజర్వేషను వంటి ముఖ్యమైన లాభాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్టు కావాలి.

సర్టిఫికెట్టుకు, యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో ఒకే దరఖాస్తు. ఆధార్, ఫోటో, చిరునామా రుజువు పెట్టాలి. తరువాత ఆసుపత్రి వైద్యబోర్డు ముందుకు వెళ్ళాలి. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే మనలాంటివారికి ఇది పెద్ద సౌకర్యం.

జాగ్రత్తలు నాలుగు. మొదటిది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడివారు చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, ఆసుపత్రి చీటీలో మరోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ముందు ఆధార్ సరిచేయించి, మిగతావన్నీ దాని ప్రకారం రాయించండి. రెండోది, సర్టిఫికెట్టులో జబ్బు పెరిగేదా, పెరగనిదా అని ఒక వరుస ఉంటుంది. కౌంటరు దగ్గరే చదువుకుని, పెరిగేది అని గుర్తు పెట్టారో లేదో చూసుకోండి. మూడోది, జబ్బు ముదిరితే మళ్ళీ పరీక్షించి శాతం పెంచమని అడగవచ్చు. ఐదేళ్ళ కిందటి 45 శాతం కార్డుతోనే మంచం పట్టినవారు ఉన్నారు. శాతం తక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షను ఇస్తోంది. నాలుగోది, ప్రతి దరఖాస్తుకూ ఒక నకలు, దాని మీద ముద్ర, తేదీ. అది లేనిదే కౌంటరు వదలకండి.

భాష మాట కూడా చెప్పాలి. రాజ్యాంగంలోని 350వ అధికరణ ప్రకారం కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు విన్నపం ఇచ్చుకోవచ్చు. హక్కు మనకుంది. కానీ పని త్వరగా కావాలంటే తెలుగు కాగితంతో పాటు స్థానిక భాషలో ఒక ప్రతి జతచేయండి. మా సంఘంలో ఒడియా బాగా రాయగలిగిన కుర్రవాళ్ళు ఇద్దరు నెలకు ఒక ఆదివారం ఈ పనికే కూర్చుంటున్నారు. ప్రతి సంఘమూ చేయగల పని ఇది, ఖర్చు కాగితం కలం మాత్రమే.

హక్కులు కొన్ని

ఉద్యోగం: ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే, ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అది 20వ సెక్షను. ఇది తెలియక స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టినవారున్నారు. ఎవరు ఒత్తిడి చేసినా, సలహా తీసుకోకుండా సంతకం పెట్టకండి.

పెన్షను: కేంద్ర ప్రభుత్వ పెన్షనరు బిడ్డ వైకల్యం వల్ల సంపాదించుకోలేని స్థితిలో ఉంటే, నిబంధనలకు లోబడి జీవితాంతం కుటుంబ పెన్షను వస్తుంది. తల్లిదండ్రులు బతికి ఉండగానే బిడ్డ పేరు పెన్షను కాగితాలలో చేర్పించాలి. మన రైల్వే, తపాలా పెన్షనర్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

చదువు: 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషను. రాయలేనివారికి పరీక్షలో రాసిపెట్టే మనిషిని, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని అడగవచ్చు. తరగతి మేడ మీద ఉంటే కిందికి మార్చమని ప్రధానోపాధ్యాయుడిని జూన్‌కు ముందే కాగితం మీద అడగండి.

రైలు: తోడు లేకుండా ప్రయాణించలేని అంగవైకల్యం ఉన్నవారికి స్లీపర్, మూడో తరగతి ఏసీలలో 75 శాతం, మొదటి, రెండో తరగతి ఏసీలలో 50 శాతం రాయితీ. తోడు వచ్చేవారికీ అంతే. ప్రభుత్వ డాక్టరు రైల్వే నమూనాలో ఇచ్చిన సర్టిఫికెట్టుతో రైల్వే గుర్తింపు కార్డు తీసుకోవాలి.

ఓటు: 2024 లోక్‌సభ ఎన్నికలలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు ముందుగా 12డి ఫారం ఇచ్చి ఇంటి నుంచే ఓటు వేశారు. ఎన్నికల ప్రకటన రాగానే బూత్ స్థాయి అధికారిని అడగండి.

పింఛను ఎక్కడ అడగాలి

ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అక్కడి బంధువులు ఫోను చేసి "ఇక్కడ కార్డు పెట్టుకోండి" అంటారు. అది అక్కడ నివాసం ఉన్నవారికి. రెండు చోట్ల కార్డులు పెట్టుకుంటే ఒకరోజు రెండూ పోతాయి. ఉన్న రాష్ట్రంలో ఉన్నది అడగండి.

ఒడిశాలో మధుబాబు పెన్షను ఉంది, బ్లాకు, జిల్లా సామాజిక భద్రత అధికారులను కలవాలి. తమిళనాడులో కండరాల క్షీణత ఉన్నవారికి ప్రత్యేకంగా నెలవారీ పోషణ భృతి ఉంది, జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగాలి. మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ పథకానికి తహసీల్దారు కార్యాలయం. కర్ణాటకలో గ్రామాలలో పునరావాస కార్యకర్తలు ఉంటారు, పంచాయతీలో అడిగితే చెబుతారు. యానాం వారు వైద్యానికి కాకినాడ వెళ్ళినా, పింఛను పుదుచ్చేరి సాంఘిక సంక్షేమ శాఖ నుంచే.

మా హాలు, మా తప్పు

చట్టంలో ప్రజాభవనం అంటే ప్రభుత్వ భవనమే కాదు. ప్రజలు సాంస్కృతిక, మతపరమైన పనులకు వాడే ప్రైవేటు భవనమూ అందులోకి వస్తుంది. అంటే మన సంఘ భవనాలు, కల్యాణమండపాలు, రామమందిరాలు అన్నీ. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, భవనాల సౌలభ్యం సలహాగా మిగలకూడదని, తప్పక పాటించవలసిన ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. కోర్టు చెప్పిందని కాకపోయినా మా మాస్టారి కోసం మేము కట్టవలసిందే.

మొదటిసారి కట్టింది తప్పుగా కట్టాం. మెట్ల ఎత్తు మొత్తం 18 అంగుళాలు. మేస్త్రీ ఐదడుగుల పొడవున సిమెంటు పోసి ర్యాంపు అన్నాడు. సభ్యుల మోటారు సైకిళ్ళు సులువుగా ఎక్కాయి. చక్రాల కుర్చీని ఇద్దరు తోస్తే సగంలో వెనక్కి వాలింది. మాస్టారు నవ్వేశారు గాని మాకు ఒళ్ళు చల్లబడింది. పగలగొట్టి మళ్ళీ కట్టాం.

కేంద్ర ప్రభుత్వం 2021లో వెలువరించిన మార్గదర్శకాలలోని లెక్క తేలిక: ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. 18 అంగుళాలకు 18 అడుగులు. ముందు అంత చోటు లేదు కనుక గోడ వెంట ఎల్ ఆకారంలో తిప్పాం. వెడల్పు 4 అడుగులు, మలుపు దగ్గర చక్రాల కుర్చీ తిరగడానికి 5 అడుగుల చదును. రెండు పక్కలా కమ్మీలు, ఒకటి 30, ఒకటి 36 అంగుళాల ఎత్తులో. అంచున చిన్న గట్టు, చక్రం జారకుండా. పైన గరుకు సిమెంటు, టైల్సు లేవు. ఖర్చు ఒక ఉగాది సభకు మేము షామియానాకు, భోజనాలకు పెట్టే దానిలో సగం కాలేదు. ఇన్నేళ్ళూ డబ్బులేక ఆగామని ఇక అనలేం.

ర్యాంపు ఒక్కటే చాలదని తరువాత తెలిసింది. సభ రోజు జనం చెప్పులన్నీ దాని మీదే వదిలారు. ఇప్పుడు చెప్పుల స్టాండు వేరే పక్క ఉంది. హాలు వెనక మరుగుదొడ్డికి తలుపు వెడల్పు చేసి కమ్మీ వేశాం, లేకపోతే వచ్చినవారు మూడు గంటలు నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. చక్రాల కుర్చీ కోసం నడిమి వరుసలో ఒక కుర్చీ తీసి ఖాళీ ఉంచుతున్నాం. మూలన గాని నడవాలో గాని కాకుండా అందరి మధ్య. వేదిక ఎక్కలేనివారికి సన్మానం చేయవలసి వస్తే వేదిక మీదివారు కిందికి దిగాలని తీర్మానం చేశాం. పిలుపు కాగితం మీద "ర్యాంపు, మరుగుదొడ్డి సౌకర్యం ఉంది" అన్న వాక్యం వేస్తున్నాం. ఆ ఒక్క వాక్యం చూసి, మేము మరిచిపోయిన ముగ్గురు ముసలివాళ్ళు వచ్చారు.

పలకరింపు, తోడు

అడగకుండా చక్రాల కుర్చీ తోయకండి, అది వారి ఒంట్లో భాగం. చేయి పట్టి లాగి లేపబోకండి, భుజం కండరం బలహీనంగా ఉన్నవారికి ప్రమాదం. ఎలా పట్టుకోవాలో వారినే అడగండి. "అయ్యో పాపం, ఎలా ఉండేవారు" అనకండి. తోడు వచ్చినవారితో "ఆయన కాఫీ తాగుతారా" అనకుండా ఆయన్నే అడగండి.

తోడుగా ఉన్న ఇంటి ఆడవాళ్ళ సంగతి మనం మరిచిపోతాం. మాస్టారిని రాత్రి నాలుగుసార్లు పక్కకు తిప్పేది ఆయన భార్య, ఆమెకూ నడుం నొప్పి. వారానికి రెండు గంటలు ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆమె గుడికి వెళ్ళివస్తారు. మేము వంతులు వేసుకున్నాం. మొదట్లో ఆమె మొహమాటపడ్డారు. ఇప్పుడు ఆలస్యమైతే ఫోను చేసి అడుగుతున్నారు. అది మాకు సంతోషం.

నియమావళి మార్చాం. వరుసగా రాని సభ్యుడి పేరు కొట్టేసే ముందు ఇద్దరు కార్యవర్గ సభ్యులు ఇంటికి వెళ్ళి కారణం తెలుసుకోవాలి. మాస్టారి పేరు పాత సభ్యత్వ సంఖ్యతోనే తిరిగి రాశాం.

ఆదివారం తరగతి మళ్ళీ నడుస్తోంది. మాస్టారి చేయి ఇప్పుడు నల్లబల్ల దాకా లేవదు. ఆయన చెబుతారు, పిల్లల్లో ఒకరు వంతుగా లేచి బల్ల మీద రాస్తారు, తప్పయితే మిగతావాళ్ళు అరుస్తారు. మైకు పెట్టాలా అని మొన్న అడిగాం. గొంతు కూడా మెల్లగా తగ్గుతోంది. "ఇప్పుడు అవసరం లేదు," అన్నారు. "అయినా కొనేయండి." కొన్నాం. బీరువాలో ఉంది.

మీ ఊళ్ళో సంఘ భవనానికి ఎన్ని మెట్లున్నాయో ఈ ఆదివారం లెక్కపెట్టండి. తరువాత సభ్యుల పాత జాబితా తీసి, రావడం మానేసినవారి పేర్లు చదవండి.